కథ వినే ఊళ్లు

ఏటా ఫిబ్రవరిలో కథకులు శ్రీకాకుళం వస్తారు. ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోనో బస్సో పట్టుకుని ఊళ్లోకి వచ్చి విశాఖ-ఎ కాలనీ చేరతారు. కథానిలయం ఉన్నది అక్కడే. తెలుగు కథ ఒక్కదాని కోసమే కట్టిన గ్రంథాలయం అది. 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. వార్షికోత్సవానికి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ మనుషులు వస్తారు. సంపుటాలు వేసినవాళ్లు వస్తారు, ఒకటో రెండో కథలు అచ్చయినవాళ్లు వస్తారు. సంచిలో రాతప్రతి పెట్టుకుని, ఎవరికి చూపించాలో తెలియక వెనక వరుసలో కూర్చునేవాళ్లూ వస్తారు. ఈ వారం కథనం ఆ వెనక వరుస గురించి. మన సాహిత్య సభల్లో వాళ్లకు చోటెంత? ఒకప్పుడు ఎంత ఉండేది?

దీనికి ఉత్తరాంధ్రనే ఎంచుకోవడానికి కారణముంది. నాగావళి, వంశధార పారే ఈ నేల వానకు, తుపానుకు, వలసకు అలవాటు పడింది. సంపద తక్కువ. కథల్లో మాత్రం ఏ ప్రాంతానికీ తీసిపోలేదు. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా, భూషణం... ఒక్కొక్కరూ ఒక్కో దారి. ఇంతమంది ఇక్కడే ఎలా తయారయ్యారని అడిగితే ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెబుతారు. పేదరికం అంటారు, ఉద్యమాలు అంటారు, మాండలికం బలం అంటారు. అవన్నీ నిజమే. నాకు కనిపించే కారణం ఇంకొకటుంది. ఇక్కడ కథ అచ్చుకు వెళ్లేముందు ఎవరో ఒకరు కూర్చుని విన్నారు. విని, బాగోలేని చోట బాగోలేదన్నారు.

మాస్టారు చదివిన కథలు

కాళీపట్నం రామారావు గారిని ఈ వైపు పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ కారా మాస్టారే. 1924లో మురపాకలో పుట్టారు. విశాఖపట్నం సెయింట్ ఆంథొనీ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ‘యజ్ఞం’ 1966లో ‘యువ’ పత్రికలో వచ్చాక, ఆ కథ ముగింపు మీద, అందులోని అప్పు మీద, న్యాయం మీద తెలుగునాట ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ సొమ్ముకు తన పుస్తకాలూ మిత్రుల చేయూతా కలిపి కథానిలయం కట్టారు.

ఇవన్నీ చాలామందికి తెలిసినవే. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. మొదట్లో రాసిన కథలు తనకే తృప్తినివ్వక, మాస్టారు కొన్నేళ్ల పాటు కలం పక్కన పెట్టేశారు. అరవైల్లో తిరిగి మొదలుపెట్టి, 1972లో వచ్చిన ‘కుట్ర’ దాకా, లెక్కకు కొన్నే అయినా తెలుగు కథను మలుపు తిప్పినవి రాశారు. ఆ తర్వాత రాసింది చాలా తక్కువ. 2021 జూన్ 4న కన్నుమూసే దాకా, అంటే దాదాపు యాభై ఏళ్లు, ఆయన సమయంలో ఎక్కువ భాగం ఇతరుల కథలకే పోయింది.

కొత్తవాళ్ల కథలు చదివేవారు. ఉత్తరాలు రాసేవారు. ఇంటికొస్తే కూర్చోబెట్టి గంటల తరబడి మాట్లాడేవారు. కథ రాయడంలోని మెలకువలను కొత్తవాళ్ల కోసమే ‘కథాకథనం’గా పుస్తకం చేశారు. గొప్ప కథలు రాయగల మనిషి తన కథలు మానుకుని పక్కవాడి కథ దిద్దుతూ కూర్చోవడం నష్టమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నాకలా అనిపించదు. ఆ యాభై ఏళ్లలో ఉత్తరాంధ్ర నుంచి కథలు రాసిన రెండు మూడు తరాల వాళ్లను కదిపి చూడండి, మాస్టారి దగ్గర కూర్చున్న ఒక సాయంకాలం గురించి చెప్పనివాళ్లు అరుదు.

చెప్పి రాసిన ఊరు

ఈ అలవాటు కారాతో మొదలైంది కాదు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ‘కన్యాశుల్కం’ ఆడారు. ఐదేళ్లకు, 1897లో, అది పుస్తకంగా వచ్చింది. అంతటితో గురజాడ ఊరుకోలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు చూస్తే ఐదంకాల నాటకం ఏడంకాలయింది. మనుషులు మారారు, మాట మారింది, గిరీశం, మధురవాణి మనమెరిగిన రూపానికి వచ్చారు. జనం ముందు ఆడి, జనం నవ్విన చోటూ నవ్వని చోటూ చూసిన నాటకం అది. పదిహేడేళ్ల తర్వాత కూడా దాన్ని దిద్దడానికి రచయితకు నామోషీ లేకపోయింది.

అదే ఊళ్లో తర్వాతి తరంలో చాసో, శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి ముగ్గురూ జట్టు. ఒకరు కథకుడు, ఒకరు కవి, ఒకరు ఇంగ్లీషు పాఠాలు చెప్పే పండితుడు. చాసో కథను కాగితం మీద పెట్టేముందు నోటితో చెప్పేవారని ఆయన్ను ఎరిగినవాళ్లు చెబుతారు. ఒకరికి చెప్పి, మరొకరికి చెప్పి, అక్కర్లేనిది రాలిపోయాక రాసేవారట. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ చదివితే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. అందులో తీసేయదగ్గ వాక్యం వెతికినా దొరకదు. ఆయన పుట్టినరోజు జనవరి 17న విజయనగరంలో ఏటా చాసో స్ఫూర్తి పురస్కారం ఇస్తున్నారు. ఆ రోజున కొత్త కథకులు కూడా తమ కథను ఆ ఊరికి నోటితో చెప్పుకునే వీలుంటే ఎంత బాగుంటుందో అని ఆశ.

విశాఖ సంగతి వేరు. అక్కడ సభలు కథను దిద్దడంతో ఆగలేదు, రచయితనే నిలదీశాయి. దిగంబర కవులు మొదటి సంపుటిని 1965లో హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేస్తే, మూడో సంపుటిని 1968లో విశాఖలో ఒక బిచ్చగత్తె చేత చేయించారు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి కూడా విశాఖలోనే. అప్పటికి శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం నడుస్తోంది. కవి సుబ్బారావు పాణిగ్రాహి చనిపోయి కొద్ది వారాలే అయింది. సన్మానానికి వచ్చిన రచయితల చేతుల్లో విద్యార్థులు ఒక కరపత్రం పెట్టారు. మీరెటువైపు అని అందులో సూటిగా అడిగారు. ఆ జూలై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది, శ్రీశ్రీ దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. ఆ రాజకీయాలతో ఏకీభవించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ ఉంటారు. కానీ ఒక సాహిత్య సభ రచయితను అంతగా కదిలించగలదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలుగులో నాకు కనపడదు.

ఇవాళ్టి ఆదివారం

ఇప్పటి సభకు వద్దాం. ఆదివారం ఉదయం పదింటికని కరపత్రంలో ఉంటుంది. పదకొండుకు మొదలవుతుంది. ఫ్లెక్సీ మీద సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, పుస్తక సమీక్షకులు అందరి పేర్లూ ఉంటాయి. వేదిక మీదికి ఆహ్వానం, జ్యోతి ప్రజ్వలన, ఆవిష్కరణ, ఫొటోలు. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక. ప్రసంగాలు ఒంటిగంట దాటుతాయి. చివర్లో ‘రచయిత స్పందన’ అనే అంశానికి ఐదు నిమిషాలు మిగులుతాయి. అప్పటికి వెనక కుర్చీలు ఖాళీ అయివుంటాయి.

శాలువా కప్పడం తప్పని నేననను. నలభై ఏళ్లు సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకుని, అమ్ముడుపోనివి ఇంట్లో పేర్చుకుని, ఏ పారితోషికమూ ఎరగని పెద్దమనిషికి ఊరంతటి ముందు జరిగే ఆ కాస్త మర్యాద చాలా పెద్దది. అది జరగాలి. నన్ను బాధించేది వేరే. ఆ మూడు గంటల్లో ఒక్క కొత్త కథ కూడా ఎవరి చెవినా పడలేదు. ఆవిష్కరించిన పుస్తకంలోంచి కూడా ఒక పేజీ చదివి వినిపించలేదు. ఊరు దాటి, బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన కుర్రవాడు రాతప్రతిని సంచిలోంచి తీయకుండానే వెళ్లిపోయాడు.

అచ్చయిన కథకు మన దగ్గర మంచి వ్యవస్థలే ఉన్నాయి. పత్రికల్లో చెదిరిపోయిన కథలను ఏరి భద్రం చేసేందుకు కథానిలయం ఉంది. వేలాది పత్రికల సంచికల్ని వెతికి, కథలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని దాని అండన నడిచింది. ఆ ఏటి మంచి కథలను ఎంచి సంకలనం వేసేందుకు కథాసాహితి ఉంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ 1990 నుంచి ఆ పని చేస్తున్నారు. తిరుపతి వైపు మధురాంతకం నరేంద్ర ‘కథావార్షిక’ తెచ్చారు. అవార్డులున్నాయి, సమీక్షలున్నాయి. అచ్చుకాని కథకు ఏముంది? ఒకప్పుడు వారపత్రికల సంపాదకులు కథ తిప్పి పంపుతూ రెండు వాక్యాలు రాసేవారు. ఆ రెండు వాక్యాల కోసం పోస్టుమాన్ కోసం ఎదురుచూసినవాళ్లు ఇవాళ పెద్ద రచయితలు. ఆ పత్రికల్లో చాలా మటుకు మూతపడ్డాయి. ఉన్నవాటికి మెయిల్ పెడితే వేసుకున్నారో లేదో కొన్ని నెలలకు మనకే అర్థం కావాలి. ఫేస్‌బుక్‌లో పెడితే వంద మంది చప్పట్లు కొడతారు; కథ రెండో పేజీలో ఎందుకు కుంటిందో ఒక్కరూ చెప్పరు.

రెండు రోజుల చాప

అందుకే కథా కార్యశాలలు కావాలంటున్నాను. వర్క్‌షాప్ అనే మాటే ఎక్కువ వాడుకలో ఉంది, అలాగే అనుకుందాం. తెలుగులో ఇది కొత్తదేమీ కాదు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టిన తొలి ఏళ్లలోనే సాహిత్య పాఠశాలలు పెట్టింది. వరంగల్‌లో కాళోజీ తదితరుల మిత్రమండలిలో ఎవరు కొత్తగా ఏం రాసినా తెచ్చి చదివేవారు. ఉత్తరాంధ్రలో గంటేడ గౌరునాయుడు పార్వతీపురంలో స్నేహకళాసాహితి నడిపారు, అట్టాడ అప్పల్నాయుడి తరం ఉత్తరాంధ్ర రచయితలనూ కళాకారులనూ ఒక వేదిక మీదికి తెచ్చింది.

మంచి వర్క్‌షాప్ ఎలా నడుస్తుందో చెప్పాలి. ఇరవై మందికి మించకూడదు. రెండు రోజులు, ఒకే చోట తిండి, ఒకే చోట పడక. కథలు వారం ముందే అందరికీ చేరాలి. పూర్వం జిరాక్సులు తీసి పోస్టులో పంపేవారు, ఇప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్ చాలు. ముందే చదివినా సరే, అక్కడ రచయిత తన గొంతుతో కథ మొత్తం చదవాలి. ఇది ముఖ్యం. కళ్లతో చదివినప్పుడు దాటిపోయిన తప్పును నోరు దాటనివ్వదు. పాత్రకు పెట్టిన మాట అబద్ధమైతే చదివేవాడి నాలుకే తడబడుతుంది.

చదివాక రచయిత మాట్లాడకూడదు. అందరూ చెప్పేదాకా వినాలి. “నా ఉద్దేశం అది కాదండీ” అని మధ్యలో లేవకూడదు. కథ వెంట రచయిత పాఠకుడి ఇంటికి వెళ్లి వివరణ ఇవ్వలేడు కదా. పెద్దవాళ్లు చివర్లో మాట్లాడాలి. ఈ నియమం చాలాచోట్ల తప్పుతుంది. పెద్దాయన మొదటే తీర్పు చెప్పేస్తే మిగిలినవాళ్లంతా దానికి తలూపడమే అవుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు అసలు నోరే తెరవరు.

ఏం చర్చకు వస్తుంది? ఉత్తరాంధ్రలో వస్తువుకు కరువు లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. పిల్లల్లా పెంచిన చెట్లు అవి. వేటకు గుజరాత్ తీరం దాకా పోయి పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారులున్నారు. మూతపడి తెరిచి మళ్లీ మూతపడే జూట్ మిల్లులున్నాయి. కొత్తగా రాసేవాళ్లు వీటినే రాసి తెస్తారు, తేవాలి కూడా. చిక్కు ఎక్కడంటే, తెచ్చినది తరచూ వార్తలా ఉంటుంది. తుపాను వచ్చింది, తోట పోయింది, అప్పు మిగిలింది, రైతు పురుగుమందు తాగాడు, కథ అయిపోయింది. వినేవాళ్లకు మనసు భారమవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అడగాలి: ఆ మర్నాడు ఆ ఇంటి ఆడమనిషి పొయ్యి మీద ఏం పెట్టింది? పడిన చెట్టుకున్న కాయలు ఎవరు ఏరుకున్నారు? చావుతో ఆపిన కథ అక్కడే మొదలు కావాలేమో? ఈ ప్రశ్న వేసే మనిషి ఎదురుగా ఉండాలి. పుస్తకాలు చదివి కూడా నేర్చుకోవచ్చు నిజమే, కానీ మన కథ గురించి మన మొహం చూసి అడిగిన ప్రశ్న ఏళ్లు గడిచినా వదలదు.

యాస గురించి పెద్ద చర్చే జరుగుతుంది. “ఏటి సేస్తాం బావూ” అని పాత్ర చేత అనిపించి, ఆ పక్క వాక్యంలోనే “అతని మానసిక స్థితి సంక్షోభంలో పడింది” అని రచయిత రాస్తాడు. పాత్ర పొలంలో ఉంది, రచయిత కాలేజీలో ఉన్నాడు. రావిశాస్త్రి కథనంలోకే విశాఖ వీధి మాటను తెచ్చి ఈ దూరాన్ని చెరిపేశారు. అందరూ ఆయనలా రాయనక్కర్లేదు, రాయలేరు కూడా. కానీ ఆ దూరం ఉందని గుర్తించడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

కటువుగా మాట్లాడటం గురించి ఒక మాట. విమర్శ అంటే చీల్చి చెండాడటమని నమ్మే పెద్దలు కొందరున్నారు. మొదటి కథకే అవమానం పాలై మళ్లీ కలం ముట్టనివాళ్లు ఎందరో. బాగున్న వాక్యం ఒక్కటైనా వెతికి చూపించాకే తప్పు చెప్పాలి. ఇది మొహమాటం కోసం చెప్పడం లేదు. తనకు ఏది వచ్చో తెలిస్తేనే మనిషి రానిదాన్ని సరిదిద్దుకోగలడు.

రాలేనివాళ్లు

రెండు రోజుల వర్క్‌షాప్ అనగానే ఇంట్లోంచి కదలలేని రచయిత్రులు ఎంతమందో. ఆదివారమంటే వాళ్లకు ఇంకాస్త ఎక్కువ పని. పిల్లలు, వండిపెట్టాల్సినవాళ్లు, రాత్రి ఎక్కడ ఉంటావనే ప్రశ్న. వాళ్ల పేర్లు సభల్లో కనపడలేదు కాబట్టి వాళ్లు రాయడం లేదనుకుంటాం. ‘భూమిక’ పత్రిక రచయిత్రులను బృందాలుగా యాత్రలకు తీసుకెళ్లిన పని నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఉత్తరాంధ్రలో వాళ్లు గంగవరం వెళ్లారు, వాకపల్లి వెళ్లి అక్కడి ఆదివాసీ స్త్రీలను కలిశారు. హాల్లో కూర్చుని జరిపే ఏ చర్చా ఆ ప్రయాణానికి సాటిరాదు. ప్రజాస్వామిక రచయిత్రుల వేదిక కూడా ఇలా రచయిత్రులు కలిసి కూర్చునే వీలు కల్పిస్తోంది. మిగతా నిర్వాహకులు కనీసం పిల్లల్ని వెంట తెచ్చుకునే ఏర్పాటు, రాత్రి బసకు భరోసా, సాయంత్రం ఆరింటిలోపు ముగిసే ఒక్కరోజు కార్యక్రమం చేయగలిగితే వచ్చేవాళ్ల సంఖ్య మారుతుంది.

కొండల మీదివాళ్ల మాట మరీ ముఖ్యం. సవర, జాతాపు పల్లెల గురించి మైదానం వాళ్లు రాసిన కథలు చాలానే ఉన్నాయి. అక్కడినుంచి వచ్చి రాసినవాళ్లు కొద్దిమంది. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వచ్చినప్పుడు ఆ లోకం లోపలి నుంచి ఎలా ఉంటుందో చదువరులకు తెలిసింది. గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసి వందేళ్లు కావస్తోంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలకు ఒక రచయిత వచ్చి, ఇంట్లో అవ్వ చెప్పిన కథను నీ మాటల్లో రాయి అని చెప్పిన సందర్భాలు ఎన్ని? వర్క్‌షాప్ విశాఖ హోటల్లో పెట్టడం కంటే అక్కడ పెట్టడం తేలిక, ఖర్చూ తక్కువ.

ఖర్చు, చోటు

డబ్బు లేదంటారు. డబ్బు ఎంత కావాలో లెక్క వేద్దాం. ఫ్లెక్సీ వద్దు, జ్ఞాపికలు వద్దు. ఇరవై మందికి రెండు రోజుల భోజనం, టీ, పడుకోవడానికి ఒక హాలు. ఒక మామూలు ఆవిష్కరణ సభకయ్యే దానికంటే ఎక్కువ కాదు.

చోటు కూడా ఉంది. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఆ పన్నుతోనే జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, ఊళ్లలో శాఖా గ్రంథాలయాలు నడవాలి. వాటికి సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. పోటీ పరీక్షల పిల్లలతో పఠన మందిరాలు కిక్కిరిసి ఉంటున్నాయి, మంచిదే. కానీ చాలాచోట్ల పైన ఒక సమావేశ మందిరం తాళం వేసి ఉంటుంది. నెలకు ఒక్క ఆదివారం సాయంత్రం ఆ తాళం తీయించాలి. అమెరికాలో డాలస్ తెలుగువాళ్లు ‘నెలనెలా తెలుగు వెన్నెల’ పేరుతో ఏళ్లుగా సాహిత్య సదస్సులు తప్పకుండా జరుపుకుంటున్నారు. ఉద్యోగాలు, దూరాలు, పిల్లల చదువులు వాళ్లకూ ఉన్నాయి. పాలకొండలో, పలాసలో, బొబ్బిలిలో మనకు అది ఎందుకు కుదరదు?

కార్యక్రమం చిన్నదిగా ఉండాలి. ఒక పాత కథ, ఒక కొత్త కథ. పాత కథ ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకంలోంచి ఎవరైనా చదవాలి. చాసోదో, భూషణందో, బండారు అచ్చమాంబదో. కొత్త కథ ఆ మండలం మనిషిదై ఉండాలి, అచ్చయి ఉండకూడదు. రెంటికీ కలిపి గంట, మాట్లాడుకోవడానికి గంట. వేదిక మీద కుర్చీలు వేయకుండా అందరూ గుండ్రంగా కూర్చోవాలి. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు, కాలేజీ అధ్యాపకురాలు ఒకరు, పత్రికలు ఇంకా చదివే ఒక రైతు, ఇద్దరు ముగ్గురు డిగ్రీ విద్యార్థులు. ప్రతి మండలంలో ఈ మాత్రం మనుషులు ఉన్నారని నేను నమ్ముతున్నాను.

మొదలుపెట్టదలచిన వాళ్లు గ్రంథాలయాధికారికి ఒక అర్జీ రాసి ఇవ్వండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక నకలు పంపండి. కథ తెచ్చేవాళ్లు ఐదు జిరాక్సులు తెచ్చుకోండి, పేజీకి ఒక పక్కే, పక్కన రాసుకోవడానికి చోటు వదిలి. వినడానికి వచ్చేవాళ్లు ఒక పెన్సిల్ తెచ్చుకోండి.